మూడు టిక్కులు

సిరిసిల్ల బస్టాండు బెంచీ మీద, కాలేజీ పిల్లలకు బైబిలు నేర్పే మరమగ్గాల కార్మికుడైన అన్న, ప్రతి శనివారం లాగే శిష్యుడి ప్రార్థనల నోటుబుక్కు తెరిచాడు.

"గీ టిక్కులేందిరా?"

"జవాబు అచ్చిన ప్రార్థనకు టిక్కు పెట్టుమన్నవు గదన్నా."

"'అన్న దుబాయి పోవద్దు.' మూడుసార్లు రాసినవు. మూడింటికీ టిక్కే!"

"పేరు పెట్టి సూటిగ అడుగాలెనని నువ్వే చెప్పినవు."

"మొదటిసారి మెడికల్‌ల అన్‌ఫిట్ అన్నరు. రెండోసారి ఏజెంటు పరారైండు. మూడోసారి కంపెనీయే మూతబడ్డది. గియ్యన్నీ నీ పనేనా?"

"కంపెనీ మూయమని అడుగలే అన్నా. నిన్ను ఆపుమన్న, అంతే. నువ్వు పోతే నాకు వాక్యం ఎవలు చెప్తరు?"

"సాంచలు బందైనయ్, మగ్గం పని లేదు. ఇంట్ల పొయ్యి ఎట్ల అంటుకోవాలెరా? నా వీసా కోసం సంఘమంతా ఉపవాసమున్నది, తెల్సా?"

"తెల్సు. నేను గూడ ఉన్న."

"వీసా రావాలెననా?"

శిష్యుడు జేబులోంచి పెన్ను తీశాడు.

"గా మూడింటిని కొట్టెయ్యాల్నా అన్నా?"

"ఆగు. నీ బుక్కు నేను వారంవారం చూస్తున్న. నా బుక్కు నువ్వెప్పుడన్న అడిగినవా?"

అన్న సంచిలోంచి తన నోటుబుక్కు తీసి ఇచ్చాడు. మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో 'వీసా రావాలి' అని ఉంది. దానికి టిక్కు లేదు. చివరి పేజీలో, పెన్సిలుతో, చిన్నగా, 'తండ్రీ, నన్ను పోనియ్యకు' అని మూడుసార్లు ఉంది. మూడింటికీ టిక్కులున్నాయి.