హెప్సిబా గారు చెవితో సరిచూసిన ఫైలు

1991 జూన్ మూడవ తేదీన పామర్రు శాఖలో టైపిస్టుగా మన సహకార సమాఖ్య సేవలో ప్రవేశించిన శ్రీమతి హెప్సిబా గారు, ఈ నెలాఖరున విజయవాడ ప్రధాన కార్యాలయంలో కంప్యూటర్ విభాగాధిపతిగా పదవీ విరమణ చేస్తున్నారు. విభాగాధిపతి అన్నమాటే గాని, చాలాకాలం ఆ విభాగంలో ఉన్నది వారొక్కరే. సర్వర్ మొరాయించిన రోజున తప్ప ఆ విభాగం ఉన్న మేడమీది గది మనలో ఎవరికీ గుర్తుకు రాలేదన్నది ఇలాంటి వీడ్కోలు సంచికలో రాయకూడని మాటే అయినా, నిజం.

సమాఖ్య కంప్యూటర్లన్నీ లినక్స్ అనే స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్‌కు మారినప్పుడు, శాఖల భారీ ఫైళ్లను కుదించి పంపడానికీ, అందినవాటిని విప్పుకోవడానికీ తగిన సాధనాలను ఎంపిక చేసి, మన అవసరాలకు అనుగుణంగా అమర్చి, ఒక్క ఆదేశంతో ప్రతి శాఖలోనూ ఇన్‌స్టాల్ అయ్యే ప్యాకేజీలుగా కూర్చిన ఘనత వారిదే. కొత్త సాధనం ఎంత వేగవంతమైనదైనా, దానితో కుదించిన ఫైలు పామర్రులోని పాత కంప్యూటర్లో తెరుచుకుంటే గాని విడుదల చేసేవారు కారు. కుదించడానికేముందండీ, అవతలివాళ్లకి తెరుచుకోవాలి గదా అనేవారు.

వారి భర్త పాల్ గారు అకాలంగా ప్రభువు సన్నిధికి చేరిన తరువాత వారు మరింత మితభాషిణి అయ్యారు. మధ్యాహ్నం మేమంతా కింద కబుర్లలో మునిగి ఉంటే, వారు మేడమీదే ఒంటరిగా క్యారియర్ విప్పుకునేవారు. పిలిస్తే వచ్చేవారేమో. పిలవాలని మాకు తోచలేదు.

ఆ ప్యాకేజీల పని నేర్చుకోమని కిందటేడు నన్ను పైకి పంపారు. కొత్త ప్యాకేజీ సిద్ధం కాగానే వారు ఒక ఫైలును కుదించి, తిరిగి విప్పారు. అసలు ఫైలూ, విప్పినదీ ఏ తేడా లేకుండా ఒకటేనని కంప్యూటర్ ధ్రువీకరించింది. అయినా వారు స్పీకరు పెట్టి, విప్పిన ఫైలును విన్నారు.

"హెప్సీ, బెంజ్ సర్కిల్ దగ్గర ఇరుక్కుపోయా. లేటవుద్ది, నువ్వు తినేసెయ్."

అది ఎప్పుడో పాల్ గారు ఫోనులో రికార్డు చేసి పంపిన మాట. సరిపోయిందని కంప్యూటర్ చెప్పాక మళ్లీ వినడం దేనికని తెలివితక్కువగా అడిగాను.

"ఇంటి దగ్గర వినలేను భానూ, ఒక్కదాన్నే గదా. ఇక్కడైతే ఉద్యోగం" అన్నారు. ఈ మాట వారి అనుమతితోనే రాస్తున్నాను.

గత వారం బాధ్యతలు అప్పగిస్తూ ఆ ఫైలును తొలగించమన్నారు. సొంత వస్తువు ఆఫీసు కంప్యూటర్లో ఉండకూడదట. సరేనన్నాను గాని చెయ్యి రాలేదు. అది తీసేస్తే వారికి ఆ గొంతు వినే చోటే లేకుండా పోతుంది.

హెప్సిబా గారూ, మీరు నేర్పిన పద్ధతిలో ప్రతి కొత్త ప్యాకేజీనీ ఆ ఫైలుతోనే పరీక్షించాలి. ఆ గొంతు మునుపటిలాగే ఉందో లేదో చెప్పగలిగేది మీరొక్కరే. కనుక ప్యాకేజీ తయారైనప్పుడల్లా ఫోను చేస్తాను, మీరు రావాలి. ఆ మెట్లెక్కే ఓపికనూ, ఆ గొంతును పోల్చే చెవులనూ ప్రభువు మీకు నిండు నూరేళ్లూ ప్రసాదించుగాక. క్యారియర్ నేను తెస్తాను. ఎంత ఆలస్యమైనా ఫరవాలేదు, మీరు వచ్చాకే తిందాం.

— భానుశ్రీ, కంప్యూటర్ విభాగం