పెన్ను లేదన్న కరెంటు

మెజిస్ట్రేటు గారి ఎదుట, ఎవరి ఒత్తిడీ లేకుండా నేను చెబుతున్నది:

నా వయసు నలభై ఎనిమిది. పెద్ద లాండ్రీలో ఎలక్ట్రికల్ సూపర్‌వైజరును. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. కరెంటు దెబ్బ తగిలిన వ్యక్తి అక్కడే ఎలక్ట్రీషియన్, మా చెల్లెలి భర్త. ఇద్దరం ఒకరినొకరం బావా అనే పిలుచుకుంటాం.

పోయిన నెల పన్నెండో తేదీ మంగళవారం, ఉదయం పది ఇరవైకి మూడో నంబరు మిషన్ ఆగిపోయింది. అందులో ఆసుపత్రి దుప్పట్లు నానుతున్నాయి. పదిన్నరకు మేమిద్దరం వెళ్లాం. బావ మెయిన్ స్విచ్ దించాడు. ఎవరూ మళ్లీ ఎత్తకుండా దానికి తన తాళం వేశాడు. తాళంచెవి చొక్కా జేబులో వేసుకున్నాడు. ఇది నేను కళ్లారా చూశాను.

స్విచ్ దించినంత మాత్రాన కరెంటు పోయిందని అనుకోకూడదు. పరీక్షించి చూడాలి. ఆ పరీక్ష నా బాధ్యత.

మా దగ్గర రెండు సాధనాలు ఉన్నాయి. ఒకటి టెస్టర్ పెన్ను. కరెంటున్న తీగ దగ్గర పెడితే కూస్తుంది. రెండోది రెండు కొనల టెస్టర్. దాన్ని ముందు కరెంటున్న చోట పెట్టి పనిచేస్తోందో లేదో చూసుకోవాలి. తర్వాత రెండు కొనలూ ఆనించి ప్రతి తీగనూ పరీక్షించాలి. చివర్లో మళ్లీ కరెంటున్న చోట చూసుకోవాలి. రెండేళ్ల కిందట ఈ రెండింటినీ ఎంచి కొనిపించింది నేనే. అమ్మడానికి వచ్చినాయన పెన్ను చేతికిస్తూ, "ఇది ఉందంటే నమ్మండి. లేదంటే మాత్రం నమ్మకండి" అన్నాడు. "మా ఆవిడ కోపం లేదన్నా అంతేనండీ" అని నేను నవ్వాను.

ఆ రోజు రెండు కొనల టెస్టర్ పై అంతస్తులో నా బల్ల సొరుగులో ఉంది. వెళ్లి తేవడానికి ఎంతసేపు పడుతుందో తర్వాత గడియారం పట్టుకుని నడిచి చూశాను. మూడు నిమిషాల యాభై సెకన్లు.

"పెద్దది తెమ్మంటావా బావా?" అని అతను అడిగాడు.

"ఈపాటి దానికి అదెందుకు? పెన్ను చాల్లే" అన్నాను.

పెన్ను పెట్టాను. కూయలేదు. అంతకుముందు దాన్ని కరెంటున్న చోట పెట్టి చూడలేదు.

"సరేనా?"

"సరే, కానియ్."

పది నలభై ఒకటికి అతను తీగల మీద చెయ్యి పెట్టాడు. స్విచ్ లోపల ఒక కాంటాక్టు కరిగి అతుక్కుపోయిందనీ, పిడి దిగినా ఒక తీగలో కరెంటు ఆగలేదనీ తర్వాత తెలిసింది. పెన్నులో బ్యాటరీ అయిపోయిందనీ తర్వాతే తెలిసింది. అతను అరవలేదు. నేను పరుగెత్తి హాలు మొత్తానికీ బ్రేకర్ దించాను. మిషన్లన్నీ ఆగాయి. ఎక్కడో నీళ్లు కారుతున్న చప్పుడు వినిపించింది.

ప్రాణం దక్కింది. కుడిచేతి వేళ్లు మూడు తీసేశారు. ఆ ఉదయం జరిగిందేదీ అతనికి గుర్తు లేదు.

ఆసుపత్రి వరండాలో మేనేజరు నన్ను పక్కకు పిలిచాడు. "అతను తాళం వెయ్యలేదని రాద్దాం. ఎలాగూ గుర్తు లేదు కదా. నీ ఉద్యోగం కూడా పోతే మీ చెల్లెలు ఎవరి గడప తొక్కుతుంది?" అన్నాడు. నేను అవుననలేదు, కాదనలేదు. పందొమ్మిది రోజులు అలాగే ఉన్నాను.

నిన్న చెల్లెలి ఇంటికి వెళ్లాను. బావ ఎడమచేత్తో గుండీలు పెట్టుకోవడం నేర్చుకుంటున్నాడు.

"నేనే తాళం మర్చిపోయుంటాను బావా. నా మతిమరుపు నీకు తెలిసిందేగా. నీకు మాట తెచ్చాను" అన్నాడు.

"అన్నయ్య పక్కనుండబట్టి బతికి బయటపడ్డారు. అది చాలు" అంది చెల్లెలు.

రెండు గుండీలు తప్పు కాజాల్లో పడ్డాయి. నేను సరిచేయలేదు. జరిగిందంతా ఇద్దరికీ చెప్పాను. చెల్లెలు లేచి లోపలికి వెళ్లిపోయింది. నేనున్నంతసేపూ మళ్లీ బయటికి రాలేదు.

బావ, "అయితే తాళం వేశానా?" అని అడిగాడు.

"వేశావు."

"వేశానన్నమాట" అన్నాడు.

పైదంతా గుమాస్తా గారు నాకు చదివి వినిపించారు. 'ప్రమాదవశాత్తూ' అన్న మాట ఒకచోట ఉంది. నేను ఆ మాట అనలేదు. దాన్ని కొట్టివేయించి, పక్కన అంచులో 'సరైన టెస్టర్ ఉండి కూడా నేను తేలేదు' అని రాయించాను. మిగిలింది నేను చెప్పినట్టే, జరిగినట్టే ఉంది.

(సంతకం)

(కొట్టివేత పక్కన మరొక సంతకం)