వాగొడ్డున అన్నమ్మ ఇల్లు

ఏంది పాపా, వాగొడ్డు వీధిలోనా? ఆ బ్రోకరు పిల్లోడు నీకు ఇల్లు చూపించింది ఆడనా? సరే సరే, ముందు కూర్చో. ఆ కుర్చీలో వద్దు, దానికి ఒక కాలు సరింగా లేదు, మొన్న మీ నాయనే పడబోయినాడు. ఇట్ల మంచం మీద కూర్చో. కాగితాలు చూస్తాలే, తొందరేముంది. నా కళ్ళజోడు యాడ పెట్టినానో వెతకాల ముందు. వీధి మంచిదే. నీళ్ళు ఇంకా మంచివి. గిద్దలూరులో మనం కొనుక్కునే ఇండ్లన్నిట్లో బోరు నీళ్ళతో కందిపప్పు మెత్తగా ఉడికేది ఆ వీధిలోనే. నవ్వుతావేంది? నీకు క్యాన్ నీళ్ళు ఇంటి ముందరికి వస్తా ఉండాయి, నీకేం తెలుసు. మనకాడ ఇల్లు కొనేవాడు గోడలు చూడకముందు నీళ్ళు నోట్లో పోసుకొని పుక్కిలించేవాడు తెలుసా. ఆ పప్పు సంగతి నాకు చెప్పింది అన్నమ్మ. నీకు తెలీదులే. నువ్వప్పుడు ఒకటో తరగతో రెండో తరగతో, ముక్కు కారతా తిరిగేదానివి. హెప్సిబా అని పిలిస్తే పలికేదానివి కూడా కాదు.

అన్నమ్మ మాకు సొంతమేం కాదు. చర్చిలో ఆడోళ్ళ కూడికకు వచ్చేది, నన్ను ఏబేలన్నా అని పిలిచేది, అంతే. రాచర్ల ఆమెది. బేల్దారి పనికి పోయేది. నేను అప్పుడు రాచర్ల గిద్దలూరు మధ్యన ఆటో తోలేవాణ్ణి కదా, పొద్దున్నే నా ఆటోలోనే వచ్చేది. ఇరవై ఏండ్లు ఇసక తట్టలు మోసింది పాపా, ఈ ఊళ్ళో సగం స్లాబులు ఆయమ్మ తల మీదుగా పోయినవే. మొగుడు, విశ్వాసం అని పేరు, చచ్చిపోయినాడు. ఉండే ఇల్లు చూస్తే మొగుడి అన్నదమ్ములతో కలిసిన ఇల్లు. ఆయమ్మది వెనక గది. బయటికి రావాలంటే బావ వాకిట్లో నుంచి రావాల. రాత్రి ఒంటికి లేచినా దగ్గి చెప్పి పోవాల. "ఒక్కరోజన్నా నా గుమ్మంలో నేను నిలబడాలన్నా, ఎవుర్నీ అడక్కుండా" అనేది. అదొక్కటే ఆశ. ఇంకేం కోరుకోలేదు ఆయమ్మ. చివరికి ఆ గది బావకే అమ్మేసి, నెలలోపల ఖాళీ చేస్తానని కాగితం రాసిచ్చింది. ఇచ్చేసి నేరుగా నా ఆటో కాడికొచ్చి, "గిద్దలూర్లో ఇల్లు చూడన్నా, నెలే ఉండాది" అనింది. ముందు ఇల్లు చూసుకొని కదా అమ్మేది! ఆమాట అంటే, "బావ మనసు మారుతుందేమోనని భయమేసిందన్నా" అనింది.

అప్పట్లో ఇల్లు కావాలంటే ఓబులయ్య. ఇప్పటి మాదిరి అద్దాల ఆఫీసులు యాడివి? టీ అంగడి పక్కన ఒక బెంచీ, వెనకాల ఒక బ్యానరు, తెల్ల చొక్కా జేబులో రెండు సెల్‌ఫోన్లు. ఒకదాంట్లో మాట్లాడతా రెండోది చెవి కాడికి తెచ్చేవాడు. ఎవురినన్నా ఎక్కించుకోని పోయి ఆయన ముందర దింపితే నాకు ఐదొందలు ఇచ్చేవాడు. ఇచ్చినాడు, తీసుకున్నా. నీకాడ దాపరికమెందుకు. అన్నమ్మను చూస్తానే లేచి నిలబడినాడు. "రా అక్కా, కూర్చో అక్కా, నేను నీ తమ్ముడు మాదిరి అనుకో. ఆడమనిషికి చెడ్డ ఇల్లు ఇప్పిస్తే నా బిడ్డలు బాగుపడతారా?" అని నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. ఆయన పద్ధతి ఎట్లంటే, కొనేవాళ్ళను, అమ్మేవాళ్ళను ఒక్కతాన కూర్చోనిచ్చేవాడు కాదు. ఈమెకేమో "ఓనరు ముందర నోరు తెరవద్దక్కా, రేటు పెంచుతాడు" అంటాడు. ఆ ఓనరుకేమో "ఆమె ముందర నోరు తెరవద్దన్నా, బేరం చెడిపోతాది" అంటాడు. నా ఆటోలో ఓనరును నా పక్కన ఇరికించి, ఈమెను వెనక కూర్చోబెట్టి, తను మధ్యలో వంగి కూర్చునేవాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా ఇల్లు చూసొచ్చేది. నాకు నవ్వొచ్చేది. అప్పుడు నవ్వొచ్చింది పాపా.

మొదటి ఇల్లు చూపించినాడు. కుళాయి తిప్పినాడు, ధారగా వచ్చినాయి నీళ్ళు. ఆయమ్మ దోసిట్లో పట్టి నోట్లో పోసుకొని ఊంచేసింది. "ఓబులయ్యా, ఇవి ట్యాంకరు నీళ్ళు. సంపులో పోయించినావు" అనింది. ఆయన ముఖం చూడాల నువ్వు! రెండోది చూడు అక్కా అని అప్పుడు వాగొడ్డుకు తీసకపోయినాడు. రెండు గదులు, మెట్లు, ముందర ఒక కానుగ చెట్టు. అన్నమ్మ ఏం చేసిందనుకున్నావు? వేళ్ళు మడిచి గోడ అంతా కొట్టి చూసింది. స్లాబు కింద నిలబడి ఎన్ని బస్తాల సిమెంటు వేసినారో లెక్క చెప్పింది. ఓనరు నోరు తెరిచినాడు. నీళ్ళను ఒకసారి చూసి నమ్మలేదు. పొద్దున ఒకసారి, మిట్టమధ్యాహ్నం ఒకసారి, చెప్పాపెట్టకుండా పోయింది. క్యాన్‌లో పట్టుకొచ్చి నా ఆటోలోనే రాచర్లకు తీసకపోయి కందిపప్పు పొయ్యి మీద పెట్టింది. మరుసటి రోజు ఆటో ఎక్కతానే "వెన్న మాదిరి ఉడికిందన్నా" అని ఆ ముఖం... నేను అంత సంతోషం ఆయమ్మ ముఖంలో మళ్ళీ చూడలేదు. అడ్వాన్సు ఇచ్చేసింది. పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేసినాడు. ఓబులయ్య నొసటన బొట్టుతోనే తలకాయ వంచి ఆమెన్ అన్నాడు, మా అందరికంటే గట్టిగా.

రిజిస్ట్రేషను రోజు వచ్చింది. ఆఫీసులో కంప్యూటరు ముందర కూర్చున్నాయన సర్వే నంబరు కొట్టినాడు, తల అడ్డంగా ఊపినాడు. "ఇది వాగు పోరంబోకమ్మా. గవర్నమెంటు భూమి. అమ్మేదానికి లేదు, కొనేదానికి లేదు" అన్నాడు. అంతే. అన్నమ్మ గోడ పట్టుకొని నిలబడింది. గోడ చూసింది, స్లాబు చూసింది, నీళ్ళు చూసింది. కింద నేల ఎవురిదని అడగాలని ఆయమ్మకూ తోచలేదు, నాకూ తోచలేదు. ఇల్లంటే మాకు తెలిసింది పైనుండేదే కదా. బయటికొచ్చినాక మెట్ల మీద కూర్చొని, "వాగులో ఇల్లు కడితే నీళ్ళు తియ్యగా ఉండవా అన్నా. నాకు ఆ రోజే తెలియాల" అనింది. ఓబులయ్యను నేను చొక్కా పట్టుకున్నా. ఆయనేమో చల్లగా, "రిజిస్ట్రేషను లేకపోతే ఏమైందక్కా? వీధి మొత్తం నోటరీ కాగితం మీదే ఉండారు. నువ్వొకదానివే మునిగిపోతావా?" అన్నాడు. అడ్వాన్సు వెనక్కి ఇయ్యమంటే ఓనరు అప్పుడే ఖర్చు పెట్టేసుకున్నాడన్నాడు. బావ పెట్టిన గడువు ఇంకా నాలుగు రోజులు. యాడికి పోతాది? నోటరీ కాగితం మీదే సంతకం పెట్టి ఇంట్లో చేరింది. చేరిన రోజు గుమ్మంలో నిలబడింది గానీ, నిలబడి వీధి మలుపు వైపే చూసింది, ఎవురన్నా వస్తా ఉండారేమోనని.

కొంచెం ఆ మంచినీళ్ళియ్యి. ఆ, ఆ చెంబే. యాడ దాకా చెప్పినా? ఆ, ఇంట్లో చేరింది కదా. మూడు నెలలకు తాసిల్దారు ఆఫీసు జీపొచ్చింది. నలుగురు దిగి టేపు పట్టి వాగును కొలిచి రాళ్ళు పాతినారు. వీధంతా గగ్గోలు, ఇండ్లు పడగొడతారని. అన్నమ్మ ఏడ్చుకుంటా నాకాడికొచ్చింది. అప్పటికి ఒక వారం ముందు కొమరోలుకు పోతా ఒక లాయరు గుమాస్తా నా ఆటోలో కూర్చున్నాడు. వాడి పేరు కూడా తెలీదు నాకు. వాడు చెప్పినాడు, నోటీసు మనిషి చేతికి ఇయ్యాల, మనిషి దొరక్కపోతే వాళ్ళేం చెయ్యలేరు అని. నేను అదే మాట పెద్ద చట్టం చదివినోడి మాదిరి ఆయమ్మకు చెప్పినా. "జీపు కనపడితే తాళమేసి పో అమ్మా. మనిషి లేని ఇంటికి ఎవురికిస్తారు నోటీసు?" అన్నా. రెండోసారి జీపొచ్చినప్పుడు తాళమేసి చేలల్లోకి పోయింది. వాళ్ళు వాగు చూసుకొని వెళ్ళిపోయినారు. ఇంక నా మాట బైబిలు వాక్యం అయిపోయింది ఆయమ్మకు.

ఏడేండ్లు పాపా. ఏడేండ్లు ఆయమ్మ అట్లే బతికింది. కాగితాలన్నీ ఒక గుడ్డసంచిలో పెట్టి తలకింద పెట్టుకొని పడుకునేది. పాలవ్యాను వచ్చినా లేచేది, పెండ్లి కారు వచ్చినా లేచేది. గోడలకు సున్నం కొట్టించుకోమంటే, "ఉండేదో పోయేదో తెలీని ఇంటికి ఎందుకన్నా" అనేది. బేల్దారి పనిచేసే మనిషి ఇల్లు, ముందర గోడకు పూత లేదు, చూడు. ఒకసారి కూడికలో ఎవురో బయట జీపు ఆపితే, ప్రార్థన మధ్యలో లేచి చెప్పులు కూడా వేసుకోకుండా ఇంటికి పరిగెత్తింది. మేం నవ్వినాం. తప్పు, నవ్వకుండా ఉండాల్సింది.

ఇంక వినిపించుకో. నీకు చెప్పాలనుకుంది ఇదే. ఒకరోజు సాయంత్రం ఓబులయ్య వచ్చినాడు ఆయమ్మ ఇంటికి. అప్పటికి ఆయనకు షుగరొచ్చి చిక్కిపోయినాడు, తెల్ల చొక్కా వదులైపోయింది. లోపలికి రాలేదు, బయటే నిలబడి చెప్పినాడంట. "అక్కా, ఈ ఒక్కసారి నా మాట విను. రేపు సర్వేకొస్తారు. పడగొట్టేదానికి కాదు, ఉండేవాళ్ళకే పట్టాలిస్తారంట. ఇంట్లో మనిషిని చూసి, ఫోటో తీసి, గోడకు నంబరేస్తారు. తాళమేసిన ఇంటిని రాసుకోరు. రేపు పనికి పోవద్దు, యాడికీ పోవద్దు" అని. అన్నమ్మకు కంటి మీద కునుకు లేదు. తెల్లారకముందే నడుచుకుంటా ఆటోస్టాండుకు వచ్చింది. "ఏం చెయ్యమంటావన్నా? ఉండేదా, పోయేదా? వాడి ముఖం చూస్తే ఈసారి అబద్ధం మాదిరి లేదన్నా" అనింది. నేను కసురుకున్నా. "నీకు సిగ్గులేదా అన్నమ్మా, ఒకసారి మునిగింది చాల్లేదా? వాడు నోరు తెరిస్తే అబద్ధం. ఈసారి ఎవురితో బేరం కుదుర్చుకోని వచ్చినాడో. ఇంట్లో కూర్చుంటే నీ చేతిలో నోటీసు పెట్టి ఫోటో తీసుకుంటారు, అదీ ఫోటో" అన్నా. ఆయమ్మ సరే అన్నా, నువ్వు చెప్పినావు కదా అనింది. ఇంటికి పోయి తాళమేసుకోని వచ్చింది. నేనే, ఈ చేతుల్తోనే ఆటో తోలి రాచర్లలో దింపొచ్చినా. చార్జీ కూడా తీసుకోలా. ఎంత మేలు చేస్తా ఉండానో అనుకున్నా.

ఓబులయ్య చెప్పింది నిజం. ఆయన ఆ ఒక్కసారే నిజం చెప్పినాడేమో పాపా, ఆ ఒక్కసారి నేను నమ్మనీలేదు. తర్వాత ఆయమ్మకు తప్ప వీధి మొత్తానికి పట్టాలొచ్చినాయి. ఇప్పుడు నీ బ్రోకరు పిల్లోడు చూపించే కాగితాలు అవే. అన్నమ్మ ఎన్ని ఆఫీసులు తిరిగిందో చెప్పలేను. మళ్ళీ సర్వే పడినప్పుడు చూద్దాం అన్నారంట. మూడేండ్లకు గుండె నొప్పొచ్చి పోయింది. ఆ ఇంట్లో ఇప్పుడు పక్కింటోళ్ళు బర్రెల్ని కట్టేస్తా ఉండారు. పూత లేని గోడ, పోయి చూసుకో. అదిగాదులే. పోయింది పోయింది. నాకు ఆ సాయంత్రం గుర్తొస్తాది.

సాయంత్రం నేనే రాచర్ల నుంచి ఎక్కించుకొచ్చి వీధి మొదట్లో దింపినా. ఇండ్లు నిలబడే ఉండాయి. ఆయమ్మ "దేవునికి స్తోత్రం" అనింది. కొంచెం ముందుకు పోయినాక చూసినాం. ప్రతి గోడకు ఎర్ర రంగుతో నంబరు. తడి ఇంకా ఆరలేదు, ఒకరి ఇంటికాడ పిల్లలు వేలు పెట్టి చూస్తా ఉండారు. ఆడోళ్ళు గడపల మీద కూర్చొని నగుతా మాట్లాడుకుంటా ఉండారు. ఆయమ్మ ఇంటికి ఏమీ లేదు. నేను ఆయమ్మ ముఖం చూడలేకపోయినా. ఆయమ్మే నా చెయ్యి తట్టి, "రంగు చాల్లేదేమో అన్నా. రేపొచ్చి మనదానికి వేస్తారులే" అనింది. నేను అవునమ్మా, రేపు వేస్తారు అన్నా. పొద్దున ఆ వీధిలో బేరం ఒకటి ఉంటే పోయినా. చర్చికి కట్టుకునే చీర కట్టుకోని, తల దువ్వుకోని, తలుపు రెండు రెక్కలూ బార్లా తెరిచి గడప మీద కూర్చోనుంది, ఫోటో తీస్తారని. మధ్యాహ్నం మళ్ళీ పోయినా, అట్లే కూర్చోనుంది. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు పోతే...

ఆ ఫ్యాను కొంచెం ఎక్కువ పెట్టు పాపా. ఉక్కపోస్తా ఉండాది.