మీట కింద మట్టముక్క

సత్తిరాజు మస్కట్ నుంచి సెలవుకొచ్చి రాజోలు రోడ్డు మీది టీ బడ్డీ దగ్గర ఊరివాళ్ల మధ్య కూర్చున్నాడు. ఇదివరకు ఇక్కడి ఐస్ ఫ్యాక్టరీలో కన్వర్టర్ చూసేవాడు. ఫ్యాక్టరీ డైనమో కరెంటును బయటి లైనుతో కలిపే యంత్రమది. కొన్నేళ్ల కిందటి పెద్ద గాలివాన వెలిసిన వెంటనే విమానమెక్కేశాడు. అందుకే టీ కలుపుతున్న వీరాయమ్మ ఎవరో అతనికి తెలీదు. ఆమె లైన్‌మన్ నూకరాజు భార్య. గాలి తగ్గగానే తెగిన తీగ కలపడానికి ఎక్కి, కరెంటు కొట్టి స్తంభం మీదే పోయాడు నూకరాజు. స్విచ్చి తియ్యకుండా ఎక్కాడని రాసి చేతులు దులుపుకున్నారు పైవాళ్లు.

"ఆ గాలివాన రోజు మీరంతా ఇళ్లలో దాక్కున్నారండి," అని ఎత్తుకున్నాడు సత్తిరాజు. "మిషను దగ్గర నేనొక్కణ్ణే. బయట లైను తెగితే మా కరెంటు అటు పోకుండా కన్వర్టర్ మీట టప్పున పడి, మిషను ఆగిపోవాలండి. ఆగితే ఐసు కరిగి రొయ్యలన్నీ కుళ్లిపోతాయి. ఏం చేశానో తెలుసా? కొబ్బరి మట్ట ముక్క చెక్కి మీట కింద దోపేను. ఇంక పడితే ఒట్టు."

పక్కన కూర్చున్న ఏసుపాదం గారు వీరాయమ్మ వైపు చూసి గట్టిగా దగ్గేరు. "చాల్లెండి సత్తిరాజుగారూ, టీ తాగండి."

తన మాట నమ్మడం లేదనుకున్నాడు సత్తిరాజు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా అండీ? వోల్టేజి చచ్చిన పాములా జారిపోతోంటే రెండు తీగలూ రెండు చేతుల్తో పట్టుకుని, కదిలేవంటే ఊరుకోనన్నాను, అంతే, గాటికి కట్టిన దూడలా నిలబడిపోయింది, అమలాపురంలో దీపాలన్నీ వెలిగేయి, ద్రాక్షారామం గుళ్లో గంట దానంతటదే మోగింది, మెరుపొచ్చి కిటికీ దగ్గర నిలబడి, కాస్త కరెంటు బదులివ్వండి సత్తిరాజుగారూ అంది, లేదంటే బాగోదని ఓ చెంచాడు పోశాను, దాంతో సముద్రం మీద తెల్లారిపోయి చేపలన్నీ ఒడ్డుకొచ్చేశాయి."

చుట్టూ ఉన్నవాళ్లు తలలు దించుకున్నారు. వీరాయమ్మ గిన్నె దించింది.

"మెరుపు సంగతి నాకెందుకు లెండి. ఆ మట్టముక్క నిజమేనా అండీ?"

"ఆయ్. నా చేత్తో చెక్కిందేనమ్మా. ఏం?"

"స్తంభం మీద పోయినాయన నా పెనిమిటండి. స్విచ్చి తీసేనే అని నాకు కేకేసి మరీ ఎక్కేరు. తీసేసిన లైన్లోకి కరెంటు ఎటునుంచి వచ్చిందో ఇన్నేళ్లూ ఎవరూ చెప్పలేదండి."

సత్తిరాజు చుట్టూ చూశాడు. అందరూ తలలు దించుకునే ఉన్నారు.

"కోతలమ్మా అవి," అన్నాడు నెమ్మదిగా. "ఏదో మాటవరసకి..."

వీరాయమ్మ నిండు గ్లాసు అతని ముందుకు చాపింది.

"మెరుపుది కోతేనండి. మీటది కూడా కోతేనని, ఇది పట్టుకుని చెప్పండి."

చెయ్యి చాపేడు. తుఫానులో కరెంటును నిలబెట్టేనన్న ఆ చేతిలో గ్లాసు నిలవలేదు.