రెండో గడి

అమీర్‌పేటలో ఒక టిఫిన్ సెంటరు పైన, రెండో అంతస్తులో ‘అక్షరతోడు’ సంస్థ ఆఫీసు. మధ్యాహ్నం మూడైంది. వసుమతి గారు అప్పుడే మెట్లెక్కి వచ్చారు.

“...ముప్పై మూడు, ముప్పై నాలుగు. అబ్బ, ప్రాణం పోతోంది. సుకన్యా, ఉన్నావా?”

“ఉన్న మేడం. కూసోండ్రి.”

“ఈ బ్యాగు ఎదురు కుర్చీలో పడేస్తున్నా. హమ్మయ్య. లోపల ఇంకెవరైనా ఉన్నారా?”

“నన్నడుగుతరేంది మేడం? పుట్టు గుడ్డిదాన్ని. మీరే చూసి చెప్పుండ్రి.”

“ఎవరూ లేరులే, కనపడుతూనే ఉందిగా. తలుపెయ్యి, నీతో మాట్లాడాలి.”

“ఏసిన. చెప్పుండ్రి.”

“నాలుగింటికి పంజగుట్టలో కమిటీ మీటింగు. నా తర్వాత సంస్థ ఎవరు చూస్తారో తేల్చమంటున్నారు. అందరి ముందు విని నువ్వు బాధపడకూడదని ముందే వచ్చా. కేదార్ పేరు చెప్పబోతున్నా.”

“కేదార్ అంటే... మీ అన్న కొడుకా?”

“మా అన్నయ్య కొడుకే. శ్రీనగర్ కాలనీలో ఉంటాడు. పెద్ద కంపెనీలో మేనేజరు. శనివారాలు వస్తానన్నాడు.”

“శనివారాలు.”

“మిగతా రోజులు నేనున్నాగా. ఏంటా వెటకారం?”

“వెటకారం గాదు. మొన్న లక్డీకాపూల్ హోటల్ల ట్రైనింగ్‌కు పోయినం గదా. సంస్థ ఒక్క మనిషి మీద నడవొద్దు, రెండో వరసను తయారు చేసుకోవాలె అని వాళ్లు చెప్తుంటే, మీరు నా చెయ్యి పైకెత్తి ‘మా రెండో వరస ఇదిగో’ అన్నరు. అందరు చప్పట్లు కొట్టిండ్రు.”

“అన్నాను. ఫోటోలు తీస్తున్నారు మరి.”

“పదకొండేండ్లాయె మేడం, నేనీడికొచ్చి.”

“కాదన్నానా? పిల్లలకి పాఠాలు చదివి వినిపించేవాళ్ళని వెతకడం, పరీక్షల్లో రాసిపెట్టేవాళ్ళని కుదర్చడం, అన్నీ నువ్వే. చేస్తూనే ఉండు, ఎవరొద్దన్నారు? కుర్చీ సంగతి వేరు. ఉన్న మాట చెప్పమంటావా? గుడ్డివాళ్ళ సంస్థకి గుడ్డిదే పెద్దయితే దాతలు జాలిపడతారమ్మా, నమ్మరు. కాగితాలు చూసుకోవాలి, ఫారాలు చూసుకోవాలి. అక్కడ చూపున్న మనిషి ఉండాలి.”

“చూపున్న మనిషి.”

“నిష్ఠూరంగా ఉంటుంది. నిజమంటే అంతే.”

“ఇప్పుడు మన దగ్గర గా చూపున్న మనిషి ఎవరు మేడం?”

“ఏంటి?”

“ఏం లేదు. చాయ్ తెప్పించిన. మీ కుడిచెయ్యి దిక్కు పెట్టిన.”

“ఆఁ... ఏదీ...”

“ఇంకింత కుడికి. మెల్లగ, వేడి ఉన్నది.”

“తెలుసు తెలుసు. కనపడుతోంది.”

“కనపడ్తే బల్లంత తడుముతరా? మీ గోర్ల చప్పుడు నాకినొస్తుంది.”

“సుకన్యా!”

“మెట్లు లెక్కపెట్టుకుంట ఎక్కుతున్నరు. ముప్పై నాలుగు. పదకొండేండ్ల సంది గవి నేను లెక్కపెట్టే మెట్లు. మీరు మొన్న దసరా కాన్నుంచి మొదలువెట్టిండ్రు.”

“ఆయాసం. ఇంకెన్ని ఉన్నాయో అని లెక్క.”

“మీ ఫోను మెసేజులు చదివి పెడ్తున్నది, చెవుల పెట్టుకుని ఇంటున్నరు. మేమైతే మస్తు స్పీడ్ పెట్టుకుంటం. మీది ఒక్కొక్క మాట మెల్లగ చదువుతది. కొత్తగ నేర్చుకునేటోళ్లది గట్లనే ఉంటది.”

“...డాక్టరు చుక్కల మందిచ్చాడు. తగ్గిపోతుంది.”

“నీటికాసులా?”

“నీకెందుకు?”

“నీటికాసులైతే పోయిన చూపు మళ్ల రాదు మేడం. మన దగ్గరికొచ్చే లచ్చమ్మకు గట్లనే పాయె. మీరే ఆమెకు చెప్పిండ్రు, ‘ఒప్పేసుకో, ఒప్పుకుంటే సగం భారం దిగుతుంది’ అని.”

“నోరు ముయ్యి. ఎవరికైనా చెప్పావా?”

“చెప్పలె.”

“చెప్పకు. ఇరవై రెండేళ్ళయిందే. మా ఆయన పోయిన ఏడాది పెట్టాను దీన్ని. ఇది లేకపోతే పొద్దున లేచి నేనెక్కడికెళ్ళాలి? చెప్పు, ఎక్కడికెళ్ళాలి?”

“ఎక్కడికి పోతరో నాకేమెర్క. ఫారాల సంగతి చెప్పుండ్రి. ఏ పిలగాని పరీక్ష ఫారమైనా మీ చేతి మీదనే పోవాలె, ఇరవై రెండేండ్ల సంది గదే రూలు. మన వాలంటీర్ పిల్ల తేజ ‘నేను నింపుతా’ అంటే ఎల్లగొట్టిండ్రు.”

“దానికి అశ్రద్ధ. పిల్లల బతుకులు అవి. ఎవరికి పడితే వాళ్ళకిస్తానా?”

“రిషి సర్కారు నౌకరి పరీక్ష ఫారం సుత మీరే నింపిండ్రు.”

“మళ్ళీ రిషి! ఆ గొడవ అయిపోయింది.”

“కాలె. పరీక్షల రాసిపెట్టే మనిషి కావాల్నా అని ఫారంల అడుగుతరు. ‘వద్దు’ అని పోయింది. పిలగాడు హాల్ల రెండున్నర గంటలు కూసున్నడు మేడం. చదివి చెప్పేటోడు లేడు, రాసేటోడు లేడు. ముంగట పెట్టిన కాగితాన్ని వేళ్లతోని రుద్దుకుంట కూసున్నడు, బెల్లు కొట్టేదాంక.”

“వాడే వద్దన్నాడు. నాతో అన్నాడు.”

“కమిటీల గదే చెప్పిండ్రు మీరు. పొగరెక్కి వద్దన్నడని. అందరి ముంగట వానితోని తప్పయిందనిపించిండ్రు.”

“ఒప్పుకున్నాడుగా! చెయ్యకపోతే ఎందుకు ఒప్పుకుంటాడు?”

“మీరంటే పానం గనక. మేడం అబద్ధమాడదు, నేనే యాదిమరిచి ఏమో అని ఉంట అనుకున్నడు. ఇప్పుడు యూసుఫ్‌గూడల అట్టపెట్టెలు అతికిస్తుండు. పుస్తకం ముడ్తలేడు.”

“నన్నేం చెయ్యమంటావు?”

“కొత్తగ రాసేటోళ్లు వస్తే మొదటి రోజు మీరు నేర్పేదేంది? పిల్లలు చెప్పిందే రాయాలె, సొంతంగ ఒక్క అక్షరం కలపొద్దు. గదే గదా? రిషి మీకేం చెప్పిండు?”

“ఎప్పటి మాటో, గుర్తులేదు.”

“మేడం. ఏం చెప్పిండు?”

“కావాలన్నాడు.”

“ఇనపడలె.”

“కావాలనే అన్నాడు! రెండుసార్లు అడిగాడు కూడా, పెట్టారా మేడం అని. పెట్టానన్నా. ఎప్పుడూ రెండో గడే ‘అవును’. ఏళ్ళ తరబడి అంతే. ఈసారి తారుమారు చేశారు. పైది ‘అవును’, రెండోది ‘వద్దు’. అలవాటుకొద్దీ రెండోదాంట్లోనే టిక్కు పెట్టా, నాకెలా తెలుస్తుంది?”

“చూస్తే తెలుస్తది.”

“కనపడితే కదే చూడ్డానికి!”

“మరి వాని మీదికెందుకు తోసిండ్రు?”

“లేకపోతే నన్ను దింపేసేవాళ్ళు. వాడిదేముంది, చిన్నవాడు, ఇంకో పరీక్ష వస్తుంది. నాకు ఇంకో సంస్థ వస్తుందా?”

“మళ్ల నోటిఫికేషన్ ఎన్నేండ్లకు వస్తదో మీకెర్కనేనా?”

“నాకు పాఠాలు చెప్పకు! ఆగు. ఆగు. దసరా నుంచి తెలుసన్నావు. రిషి ఫారం నింపింది దీపావళి తర్వాత. నాకు కనపడట్లేదని తెలిసి, ఆ రోజు నువ్వెందుకు ఆపలేదు?”

“...ఆపలె.”

“ఎందుకు?”

“మీ తర్వాత నన్నే కూసోబెడ్తరని ఆశ. మిమ్మల్ని ఎదిరిస్తే పోతదని ఊకున్న.”

“చూశావా! మరి నన్ను నిలదీస్తున్నావే. వాడి నోట్లో మట్టి కొట్టింది మనిద్దరం.”

“అవును. ఇద్దరం. నేను కాదంటలేను.”

“అయితే విను. కేదార్ వద్దు. నాలుగింటికి నీ పేరే చెప్తా. కుర్చీ నీది.”

“గుడ్డిదాన్ని గదా.”

“ఏదో అన్నానులే. ఈ మాట మాత్రం గది దాటకూడదు. రిషికి అసలే తెలియకూడదు. వాడికి చెప్పనని ఒట్టెయ్యి.”

“ఒట్టు. నేను వానికి ఒక్క ముక్క చెప్ప.”

“మా తల్లే. పద, ఆటో పిలు, టైమవుతోంది. ఆ బ్యాగు ఇలా అందుకో.”

“యాడ పెట్టిండ్రు మేడం?”

“ఎదురు కుర్చీలో. రాగానే పెట్టాగా.”

“కుర్చీ ఖాళీగనే ఉండెనా?”

“ఖాళీగానే ఉంది. చూసే పెట్టా... ఎందుకలా అడుగుతున్నావు? సుకన్యా? మాట్లాడవేంటే?”

“నమస్తే మేడం, రిషిని. మీ బ్యాగు నా ఒళ్లె పెట్టిండ్రు, తీస్కోండ్రి.”