మూడో ప్రకటన చదవకముందే

హలో… ఆ, నేనే, వదినగారూ. జోయెల్ వాళ్ళమ్మని.

…ఆ మెసేజీ నేనే పెట్టా. ఎవరూ రాసివ్వలేదు. తప్పులుంటే ఏమనుకోకండి, అరవై దాటాక నేర్చిన అక్షరాలు. ఆ నాలుగు ముక్కలకే పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా పట్టింది.

…సరిగ్గానే చదివారు. వాడు తాగుతాడు.

…అప్పుడప్పుడు కాదండీ. రోజూ.

…నిజమే, చర్చిలో సాక్ష్యం చెప్పింది నేనే. మానేశాడన్నా. పదకొండు రోజులు మానాడు. పన్నెండో రోజు… ఆ. మళ్ళీ చర్చిలో లేచి, అది నిజం కాదని చెప్పడానికి నోరు రాలేదు.

…తెలుసు. ఆ సాక్ష్యం విన్నాకే మీరు సంబంధానికి వచ్చారు.

…గురువారం గురువారం ఒక మీటింగుకి వెళ్తున్నానండీ. తాగేవాళ్ళకి కాదు, వాళ్ళ ఇంట్లోవాళ్ళకి. ఎవరి సంగతి వాళ్ళు చెప్పుకుంటాం, టీ తాగి వచ్చేస్తాం.

…అబ్బే, ఏడుపులేం ఉండవు. పద్మావతమ్మగారని ఒకావిడ నవ్విస్తారు కూడా. వాళ్ళాయన ఫ్రిజ్ వెనక సీసా దాస్తున్నాడని ఫ్రిజ్‌ని హాల్లోకి జరిపించారట. ఇప్పుడు సోఫా కింద పెడుతున్నాడట.

…లేదండీ, మీకు చెప్పమని ఎవరూ అనలేదు. ఏం దాస్తున్నావని మీటింగులో అడిగారు. మీ అమ్మాయి శాలిని పేరు వచ్చింది నా నోటికి.

…పెళ్ళయితే మారతాడా? మా ఆయన గురించి మా అత్తగారూ అదే అన్నారు. ముప్పయ్యొక్కేళ్ళు చూశా. ఆయన పోయేదాకా.

…వాడికి చెప్పాకే పెట్టా. "నువ్వు తల్లివేనా" అన్నాడు. అన్నం తిని పడుకున్నాడు.

…నాకా? ఏమీ అనిపించట్లేదండీ. ఇందాక గరిటె చేతిలో పట్టుకుని గరిటె కోసం వెతికా.

…రెండు ఆదివారాలు పెళ్ళి ప్రకటన చదివారు కదా, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పమని. రెండుసార్లూ తల వంచుకు కూర్చున్నా. రేపు మూడోది. అదీ అయిపోతే ఇక అడిగేవాళ్ళుండరు.

…తిట్టండి, వదినగారూ. …చూశారా, ఇంకా వదినగారనే వస్తోంది.

…ఆ, అన్నయ్యగారిని మీ పాస్టరుగారి దగ్గరికి ఇప్పుడే వెళ్ళమనండి. మా పాస్టరుగారికి నేను చెప్తా.

…అభ్యంతరం ఎవరిదని అడుగుతారా?

…ఊరూ పేరూ లేకుండా ఎందుకు. నాదేనని రాయించండి. పిల్లాడి తల్లి. మార్త. అరవై నాలుగేళ్ళు. ఇప్పుడుండేది భవానీపురం, కొడుకింట్లోనే.