ముందు నిద్రపోయినవాళ్లకే ఫస్టు ర్యాంకు

"చూడు టైలరూ, నిన్న మీ అమ్మాయి కళ్లముందు ఈ జేబుగడియారం గంటసేపు ఊపాను. రెప్ప వాల్చిందా? వాల్చలేదు. మనసు కుదిరిన పిల్లలకే హిప్నాటిజం పడుతుంది, వాళ్లకే చదువూ అబ్బుతుంది. ఆ కాలేజీ దరఖాస్తు చింపేసి పిల్లని కుట్టుమిషను ముందు కూర్చోబెట్టు. ముప్పై ఏళ్లు స్కూలు ల్యాబులో అటెండరుగా చేసి కనిపెట్టిన సంగతి ఇది!"

చేసింది అటెండరు పనే అయినా, ఊరంతా ఆయన్ని మాస్టారనే పిలుస్తుంది. టీకొట్టు బెంచీమీద ఆయన పక్కనే కూర్చున్న టైలరు చేతిలోని దరఖాస్తును నాలుగు మడతలు పెట్టాడు. "ఇవాళే ఆఖరు రోజు. నిజంగా అంత ఖాయమా మాస్టారూ?"

"ఖాయమా అంటావేంటయ్యా! ఓసారి సైన్సాయన రాకపోతే క్లాసు నాకప్పజెప్పారు. నలభైమంది. గడియారం ఇలా తీసి, ఇలా ఊపి, 'నిద్ర... నిద్ర...' అన్నానో లేదో, ఒక పిల్ల అందరికంటే ముందు పడిపోయింది. ఆ ఏడు ఫస్టు ర్యాంకు దానిదే! అలా పడిపోయాక ఏమైందో తెలుసా? కళ్లు మూసుకునే లెక్కల పుస్తకం పేజీ నంబర్లతో సహా అప్పజెప్పింది. దాని పక్కవాడు వచ్చే ఏడాది పుస్తకం అప్పజెప్పాడు. అదింకా అచ్చే కాలేదు!"

"అచ్చు కాకుండానే?"

"అచ్చుతప్పులతో సహా! ఇంతలో కిటికీ అవతల గాడిదొకటి ఇటే చూస్తోందా, దానికీ పట్టేసింది. ఎక్కాలు మొదలెట్టింది నాయనా! పన్నెండు దాకా గడగడా చెప్పి, పదమూడో ఎక్కం దగ్గర తడబడింది. ఎంతైనా గాడిద కదా, మనమే సర్దుకోవాలి."

టీకొట్టు ఆవిడ గ్లాసులు కడగడం ఆపింది. "బాబాయ్, ఆ రోజు మూడో బెంచీలో నేనున్నాను."

మాస్టారి గ్లాసు పెదాల దగ్గరే ఆగిపోయింది.

"రెండుసార్లు 'నిద్ర' అన్నావు. మూడోసారికి నువ్వే బల్లమీద తలపెట్టి గురక మొదలెట్టావు. గడియారం నీ జేబులో పెట్టి, మేమంతా చప్పుడు కాకుండా ఇళ్లకెళ్లిపోయాం."

"అయితే అందరికంటే ముందు నిద్రపోయింది మాస్టారేనా?" టైలరుకి ఆశ పుట్టింది.

"ఆయనే. మరి ముందు నిద్రపోతే ఫస్టు ర్యాంకైతే, బాబాయ్, మా నాన్నతో కలిసి పదో తరగతి నాలుగుసార్లు ఎందుకు రాశావు?"

టైలరు దరఖాస్తు మడతలు విప్పి, బట్టను చదును చేసినట్టు మోకాలిమీద అరచేత్తో చదును చేశాడు.

"కాలేజీ ఆఫీసు నాలుగింటికి మూసేస్తారు, అన్నా! ఇంకా కూర్చున్నావేం?" అంది టీకొట్టు ఆవిడ.

టైలరు గబుక్కున లేచాడు. "మాస్టారూ, టైమెంతయింది?"

మాస్టారు గడియారం తీశాడు. దానివంక కాసేపు చూశాడు.

"ఇది నడవదయ్యా," అన్నాడు మెల్లగా. "ఊపడానికే."